పారేయడానికే మార్కర్: తెగుళ్లను తట్టుకునే ద్రాక్షను తయారుచేయడం ఎలా

ద్రాక్షలో కొత్త రకం కోసం గింజ నాటిన వాళ్లకు మొదటి రెండు మూడేళ్లు కనిపించేది ఆకులే. గుత్తి రావడానికి అంత కాలం పడుతుంది. ఈలోగా ఆ మొక్కకు రాతికడీ కావాలి, ఇనుప తీగ కావాలి, డ్రిప్పు కావాలి, ఏడాదికి రెండుసార్లు కత్తిరించే మనిషి కావాలి. వెయ్యి మొక్కలను మూడేళ్లు సాకి, చివరికి ఇరవై ఉంచుకుని మిగతావి పీకేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? డీఎన్‌ఏ మార్కర్, అంటే కావాల్సిన జన్యువును గుర్తుపట్టించే డీఎన్‌ఏ ముక్క, అక్కరకొచ్చేది ఇక్కడే. మొలక జానెడు ఎత్తు ఉండగానే గోరంత ఆకు కోసి, ఏ మొక్క దండగో చెప్పేయవచ్చు. ఏ మొక్క మంచి రకం అవుతుందో మాత్రం అది చెప్పదు. ల్యాబ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. పారేయాల్సినవి మార్కర్ చూపిస్తుంది. ఉంచుకోవాల్సినవి పందిరి, నాలుక, మార్కెట్ తేలుస్తాయి.

ఇంకో సంగతి మొదటే తేల్చుకుందాం. దీన్ని జన్యుమార్పిడి అనుకుని భయపడేవాళ్లు ఉన్నారు. ఇందులో బయటి జన్యువును మొక్కలోకి ఎక్కించడం లేదు. పువ్వు మీద పుప్పొడి అద్ది గింజ కట్టించే పాత పద్ధతే ఇది. పుట్టిన పిల్లల్లో ఎవరికి ఏ జన్యువు వచ్చిందో చూడటం ఒక్కటే కొత్త. కాబట్టి జన్యుమార్పిడి పంటలకు కావాల్సిన అనుమతుల గొడవ ఉండదు.

శత్రువు ఎక్కడిదో, మందు కూడా అక్కడే

ద్రాక్షకు రెండు పెద్ద తెగుళ్లు. ఆకు పైన నూనె మరకల్లా పసుపు మచ్చలు, అడుగున తెల్లటి నూగు కనిపిస్తే బూజు తెగులు. ఆకు మీద, కాయ మీద బూడిద చల్లినట్టు ఉంటే బూడిద తెగులు. రెండూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. బూడిద తెగులు 1845లో ఇంగ్లండులో, బూజు తెగులు 1878లో ఫ్రాన్సులో బయటపడ్డాయి. మనం తినే ద్రాక్ష, అంటే థాంప్సన్ సీడ్‌లెస్, దాని నుంచి ఎంపిక చేసిన తాస్-ఎ-గణేశ్, సోనాకా, మన హైదరాబాదు పేరు నిలబెట్టిన అనాబ్-ఎ-షాహీ, అన్నీ వైటిస్ వినిఫెరా జాతివి. ఆ జాతికి ఈ శిలీంధ్రాలతో పాత పరిచయం లేదు. అమెరికా అడవి ద్రాక్షలు మాత్రం వాటితో కలిసి పెరిగాయి కాబట్టి తట్టుకునే జన్యువులను సమకూర్చుకున్నాయి.

మాది కీసర పక్క ఊరు. మా నాన్న వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం కలిపి బోర్డో మిశ్రమం తయారుచేసేవాడు. వాన పడితే మళ్లీ కలిపేవాడు. ఆ పందిళ్లున్న చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. భూమి ధర ఒక కారణమైతే, మందుల ఖర్చు ఇంకో కారణం. రెండో దాని గురించి మనం ఏదైనా చేయగలం.

ఏ జన్యువు కావాలి?

ఇప్పటికే గుర్తించిన జన్యుస్థానాలకు పేర్లున్నాయి. బూజు తెగులువి ఆర్‌పీవీ అనే అక్షరాలతో, బూడిద తెగులువి రన్ లేదా రెన్ అనే అక్షరాలతో మొదలవుతాయి. జర్మనీలోని గైల్‌వైలర్‌హాఫ్ సంస్థ నడిపే అంతర్జాతీయ ద్రాక్ష రకాల జాబితాలో వీటి పట్టిక ఉంటుంది. ఏ జన్యువు, ఏ క్రోమోజోమ్ మీద, ఏ రకం నుంచి, ఏ మార్కర్లతో అన్నది ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందు ఒక పూట దానికి కేటాయించండి.

నేను ఎక్కువగా పట్టించుకునేవి ఇవి. ఆర్‌పీవీ3 అమెరికా జాతుల నుంచి పాత ఫ్రెంచి సంకరాల ద్వారా వచ్చింది, 18వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. హంగరీ రకం బియాంకాలో, జర్మనీ రకం రీజెంట్‌లో ఉంది. ఆర్‌పీవీ10 ఆసియా అడవి ద్రాక్ష వైటిస్ అమూరెన్సిస్‌ది, 9వ క్రోమోజోమ్, సోలారిస్ అనే రకంలో దొరుకుతుంది. ఆర్‌పీవీ12 కూడా అమూరెన్సిస్ నుంచే, 14వ క్రోమోజోమ్ మీద. రన్1, ఆర్‌పీవీ1 అనేవి 12వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్న జంట. ఒకటి బూడిదకు, ఒకటి బూజుకు. ఇవి మస్కడీనియా రొటుండిఫోలియా అనే ద్రాక్ష నుంచి వచ్చాయి. దాని క్రోమోజోములు 40, మన ద్రాక్షవి 38. అందుకే ఆ సంకరం అంత సులువు కాదు. ఫ్రాన్సులో అలన్ బుకే 1970లలో మొదలుపెట్టి, తరం తర్వాత తరం వినిఫెరాతో కలుపుతూ పోయి ఆ ముక్కను వాడదగ్గ రూపానికి తెచ్చాడు. ఆయన పడ్డ కష్టం వల్ల మనకు ఆ పని మళ్లీ మొదటి నుంచి చేసే అవసరం లేదు.

బూడిద తెగులుకు రెన్1 నాకు ఇష్టమైనది. మధ్య ఆసియా రకం కిష్మిష్ వట్కానాలో, 13వ క్రోమోజోమ్ మీద ఉంది. అది వినిఫెరా జాతికే చెందింది కాబట్టి అడవి వాసన, పుల్లదనం, చిన్న కాయ లాంటివి వెంట రావు. తినే ద్రాక్ష చేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. యూరపులో తట్టుకునే రకాలన్నీ దాదాపు వైన్ ద్రాక్షలే. గుత్తి చిన్నది, కాయ చిన్నది. వాటిని తెచ్చి థాంప్సన్‌తో ఒకసారి కలిపితే మన సంతలో అమ్ముడుపోయే పండు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

తల్లిదండ్రుల కోసం విదేశాలకు ఉత్తరాలు రాసే ముందు పుణె దగ్గర మంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో ఏముందో అడగండి. అక్కడ పెద్ద సేకరణ ఉంది. లేనిది తెప్పించాలంటే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ, అంటే ఎన్‌బీపీజీఆర్ అనుమతి, క్వారంటీన్ తప్పవు. సంచిలో దాచుకుని వచ్చిన కొమ్మతో ఏ వైరస్ వస్తుందో ఎవరికీ తెలియదు. ఆ దారి తొక్కకండి.

తల్లిదండ్రులను ముందు పరీక్షించాలి

ఇది చాలామంది దాటేసే మెట్టు. పట్టికలో రాసి ఉంది కదా అని నమ్మి సంకరం చేసేస్తారు. మీ తోటలో బియాంకా అని రాసిన చీటీ కింద ఉన్న మొక్క నిజంగా బియాంకానే అన్న హామీ లేదు. నర్సరీల్లో చీటీలు మారడం కొత్తేమీ కాదు. అందుకని మీరు వాడబోయే ప్రతి మొక్క నుంచి ఆకు తీసి, మీరు వాడబోయే ప్రతి మార్కర్‌తో ముందు చూడండి.

ఇంకో కారణమూ ఉంది. మార్కర్ చాలాసార్లు జన్యువే కాదు. ఊరి పొలిమేరలో ఉన్న మైలురాయి లాంటిది. రాయి కనిపిస్తే ఊరు దగ్గరలో ఉందని అర్థం. అయితే తట్టుకునే తల్లిలో ఆ చోట ఉన్న ముక్క పొడవు, తట్టుకోలేని తండ్రిలో ఉన్న ముక్క పొడవు ఒకటే అయితే ఆ మార్కర్ ఆ జంటకు పనికిరాదు. జర్మనీలో బ్రహ్మాండంగా పనిచేసిన మార్కర్ మీ థాంప్సన్ సంకరంలో ఏమీ చెప్పకపోవచ్చు. అప్పుడు పక్కనున్న ఇంకో మార్కర్ వెతుక్కోవాలి.

జన్యువుకు రెండు వైపులా చెరో మార్కర్ పెట్టుకోవడం మంచిది. ఒక్క మార్కరే ఉండి, అది 5 సెంటీమోర్గాన్ల (క్రోమోజోమ్ మీద దూరాన్ని కొలిచే ప్రమాణం) దూరంలో ఉంటే, వందలో ఐదు మొక్కల విషయంలో మీకు తప్పుడు జవాబు వస్తుంది. రెండు వైపులా అంతే దూరంలో ఒక్కోటి ఉండి, రెండూ కనిపించిన మొక్కలనే తీసుకుంటే ఆ తప్పు వెయ్యిలో మూడుకు మించదు.

పువ్వు దగ్గర పని

థాంప్సన్‌లో గింజ మొదలై మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి దాన్ని తల్లిగా వాడితే కాయ కోసి, లోపలి పిండాన్ని గాజు సీసాలో పెంచాల్సి వస్తుంది. పుప్పొడి మాత్రం బాగానే ఉంటుంది. అందుకే గింజ ఉన్న, తెగులును తట్టుకునే రకాన్ని తల్లిగా, థాంప్సన్‌ను తండ్రిగా పెట్టుకోవడం సులువు.

ద్రాక్ష పువ్వుకు రేకులు విచ్చుకోవు. ఐదు రేకులూ పైన అతుక్కుని టోపీలా ఉండి, అడుగు నుంచి ఊడి పడిపోతాయి. ఆ టోపీ ఊడకముందే, పచ్చగా ఉన్నప్పుడే పని చేయాలి. గుత్తిలో ముందే విచ్చినవి, మరీ చిన్నవి కత్తిరించేయండి. మిగిలిన ఒక్కో మొగ్గను సన్నని ఫోర్సెప్స్‌తో నడుము దగ్గర పట్టుకుని పైకి లాగితే టోపీ, దానితోపాటు కేసరాలు కలిసి వస్తాయి. గట్టిగా నొక్కితే అండాశయం నలుగుతుంది. మెల్లగా లాగితే ఒకటి రెండు కేసరాలు లోపలే ఉండిపోతాయి. ఉండిపోయిన ఒక్క కేసరం చాలు, గుత్తిలో సగం గింజలు సొంత పుప్పొడితో కట్టడానికి. కళ్లద్దాల దుకాణంలో దొరికే తలకు పెట్టుకునే భూతద్దం కొనండి, మెడ నొప్పి సగం తగ్గుతుంది. అయిపోయాక కాగితపు సంచి తొడగండి. మర్నాడో ఆ మర్నాడో కీలాగ్రం మీద సన్నని తేమ చుక్క మెరుస్తుంది. పుప్పొడి అద్దాల్సింది అప్పుడు. మరుసటి రోజు ఇంకోసారి అద్దండి.

పండు బాగా మాగాక గింజ తీసి కడిగి నీళ్లలో వేయండి. తేలినవి తాలు. మునిగినవి తడి ఇసుకలో కలిపి 4 డిగ్రీల చలిలో మూడు నెలలు ఉంచాలి. లేకపోతే సరిగ్గా మొలవవు. ఇంట్లో ఫ్రిజ్ సరిపోతుంది, ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే.

ఆకు, డీఎన్‌ఏ

మొలక నాలుగైదు ఆకుల మీదికి వచ్చాక, కొసన అప్పుడే విచ్చుకుంటున్న లేత ఆకు తీయండి. గోరంత చాలు. ముదురాకు వద్దు. ద్రాక్ష ఆకులో పాలీఫినాల్స్, జిగురు పదార్థాలు ఎక్కువ. ముదురాకు నుంచి తీసిన డీఎన్‌ఏ గోధుమరంగుకు తిరిగి, జిగటగా గొట్టం అడుగున కూర్చుంటుంది; దానితో పీసీఆర్, అంటే కావాల్సిన డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పని, నడవదు.

96 గుంతల ప్లేటులో గుంతకో ఆకు వేస్తాం. ఇక్కడ శాస్త్రం కంటే క్రమశిక్షణ ముఖ్యం. మొక్కల సంచులను వరుసగా పేర్చి, సంచి మీద నంబరు వాటర్‌ప్రూఫ్ చీటీతో కట్టి, ఒకరు నంబరు పైకి చదువుతుంటే ఇంకొకరు ఆకు వేయాలి. ఒక్క గుంత జరిగితే ఆ తర్వాతి మొక్కలన్నిటి ఫలితం పక్క మొక్కకు వెళ్తుంది. మంచిదాన్ని పీకి, పనికిరానిదాన్ని పెంచుతారు. అందుకే ప్లేటుకు రెండు గుంతలు, ప్రతి ప్లేటులో వేరువేరు చోట్ల, ఖాళీగా వదలండి. ఫలితాల్లో ఖాళీ ఉండాల్సిన చోట ఖాళీ ఉంటే వరుస తప్పలేదని తెలుస్తుంది. ఇంకా తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, నీళ్లకు ఒకటి.

డీఎన్‌ఏ తీయడానికి సీటాబ్ అనే డిటర్జెంటు వాడే పద్ధతే నాకు నమ్మకం. 2 శాతం సీటాబ్, 1.4 మోలార్ ఉప్పు, ఈడీటీఏ, ట్రిస్ ఉన్న ద్రావణంలో పీవీపీ 2 శాతం కలపండి. ఫినాల్స్‌ను పట్టుకునేది అదే. వాడే ముందు మాత్రమే బీటా-మెర్‌కాప్టోఎథనాల్ చుక్కలు వేయాలి. దాని కంపు పక్క గది దాకా వెళ్తుంది కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. 65 డిగ్రీల వద్ద అరగంట నుంచి గంట, తర్వాత క్లోరోఫాం–ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1, పైపొరను తీసి ఐసోప్రొపనాల్, ఆపైన 70 శాతం ఆల్కహాల్‌తో కడగడం. ఆల్కహాల్ పూర్తిగా ఆరనివ్వాలి. డీఎన్‌ఏ ఎంత శుభ్రంగా ఉందో కాంతితో కొలిచే యంత్రంలో 260/280 నిష్పత్తి 1.8 దగ్గర ఉంటే సరే. 260/230 బాగా తక్కువగా ఉంటే జిగురు మిగిలిందన్నమాట. ఆ డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి చూడండి, చాలాసార్లు అంతటితో పని అయిపోతుంది.

సొంత ల్యాబ్ లేని నర్సరీవాళ్లు ఇక్కడ ఆగిపోనక్కర్లేదు. హైదరాబాదు విత్తన కంపెనీల ఊరు. ఆరబెట్టిన ఆకు ముక్కలు పంపితే మార్కర్ పరీక్ష చేసి ఇచ్చే సేవా ల్యాబ్‌లు ఉన్నాయి. కొన్ని వందల మొక్కలకైతే యంత్రాలు కొనడం కంటే అదే చౌక. అయితే తల్లిదండ్రుల ఆకులు కూడా పంపండి. ఫలితాన్ని మొక్క వారీగానే కాక ముడిరూపంలోనూ ఇమ్మని అడగండి.

శిఖరాలు చదవడం

ద్రాక్షలో ఎక్కువగా వాడేవి ఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు. డీఎన్‌ఏలో రెండేసి అక్షరాలు పదేపదే తిరగరాసినట్టు ఉండే చోట్లు ఇవి. ఎన్నిసార్లు తిరగరాసి ఉందన్న దాన్ని బట్టి ముక్క పొడవు మారుతుంది. ప్రైమర్‌కు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్క) మెరిసే రంగు కట్టి పీసీఆర్ చేస్తాం. 94 డిగ్రీల వద్ద అర నిమిషం, 56 దగ్గర ముప్పావు నిమిషం, 72 వద్ద ముప్పావు నిమిషం, ఇలా 35 చుట్లు. తర్వాత సన్నని గొట్టంలో పరుగెత్తించే యంత్రం ముక్కల పొడవును శిఖరాలుగా గీసి చూపిస్తుంది.

ఆర్‌పీవీ3 సంగతి తీసుకుందాం. దానికి వాడే యూడీవీ305 అనే మార్కర్ దగ్గర 299, యూడీవీ737 దగ్గర 279 పొడవున్న ముక్కలు రెండూ కనిపిస్తే, బియాంకాలో ఉన్న రూపం వచ్చిందని అర్థం. అందుకే ఆ రూపాన్ని 299-279 అనే పిలుస్తారు. తెర మీద 299 దగ్గర ఒక పొడుగాటి శిఖరం, దానికి ముందు రెండు అక్షరాల దూరంలో ఒక పొట్టి శిఖరం కనిపిస్తాయి. ఆ పొట్టిది పీసీఆర్ జారుడు వల్ల వచ్చే నీడ. దాన్ని రెండో రూపంగా లెక్కపెట్టకండి. మీ యంత్రం 299ని 297గానో 300గానో చూపవచ్చు. యంత్రానికీ యంత్రానికీ అంత తేడా సహజం. ప్రైమర్‌కు రంగు అతికించడానికి ఎం13 అనే తోక కట్టి ఉంటే మరో 18 అక్షరాలు కలుస్తాయి. కాబట్టి పుస్తకంలోని అంకెతో కాక, అదే ప్లేటులో నడిచిన తల్లి శిఖరంతో పోల్చాలి.

299 ఉండి 279 లేని మొక్క కనిపిస్తే అది రెండు మార్కర్ల మధ్య క్రోమోజోమ్ తెగి, దాని జత క్రోమోజోమ్ ముక్కతో అతుక్కున్న మొక్క. జన్యువు ఉందో లేదో మార్కర్ చెప్పలేదు. దాన్ని వేరే వరుసలో పెట్టి ఆకు పరీక్షకు పంపండి. ఏ శిఖరమూ రాని గుంతను "లేదు" అని రాయకూడదు. అది "తెలియదు", మళ్లీ చేయాలి.

చదవడంలో మొదటి వడపోత జన్యువు గురించి కాదు, తండ్రి గురించి. తండ్రికి మాత్రమే ఉన్న ముక్క ఏ ఒక్క మార్కర్‌లోనూ కనిపించని మొలక, తల్లి తనంతట తాను కట్టుకున్న గింజ. దాన్ని అక్కడికక్కడే తీసేయండి. అలాంటివి గుంపుగా ఉంటే, పువ్వు దగ్గర పని చేసిన మనిషికి కొత్త ఫోర్సెప్స్ కొనిపెట్టండి.

అడవి ద్రాక్ష మగ తీగను తండ్రిగా వాడితే ఇంకో వడపోత ఉంటుంది. అడవి జాతుల్లో మగ, ఆడ తీగలు వేరు. అలాంటి సంకరంలో సగం వరకు పిల్లలు మగవే పుడతాయి, జన్మలో కాయవు. లింగాన్ని తేల్చే చోటు 2వ క్రోమోజోమ్ మీద ఉంది. వీవీఐబీ23 మార్కర్‌తో పట్టుకోవచ్చు. పూత దాకా ఆగకుండా సగం సంచులు ఖాళీ అవుతాయి.

ఎన్ని గింజలు?

తట్టుకునే తల్లిలో జన్యువు సాధారణంగా ఒకే ప్రతి ఉంటుంది. తట్టుకోలేని తండ్రితో కలిపితే పిల్లల్లో సగానికి వస్తుంది. మీకు మూడు జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద కావాలంటే ఎనిమిదిలో ఒకటి. మూడూ ఉన్న మొక్క ఒక్కటైనా 95 శాతం నమ్మకంతో దొరకాలంటే 23 మొలకలు చాలు. నాలుగు జన్యువులకైతే 47. అయితే ఒక్కటి దొరికితే ఏం లాభం? దాని పండు పుల్లగా ఉంటే కథ ముగిసినట్టే. రుచి చూసి ఎంచుకోవడానికి కనీసం ముప్పై నలభై మొక్కలు మిగలాలని నా లెక్క. మూడు జన్యువులకు దాదాపు మూడు వందల మొలకలతో మొదలుపెట్టాలి.

గింజలేని గుణం కూడా కావాలంటే లెక్క ఇంకా మారుతుంది. గింజను ఆపేసే ముఖ్యమైన జన్యువు, వీవీఏజీఎల్11, 18వ క్రోమోజోమ్ మీదే ఉంది. ఆర్‌పీవీ3 ఉన్నదీ ఆ క్రోమోజోమ్ మీదే. ఆర్‌పీవీ3 తల్లి నుంచి, గింజలేమి థాంప్సన్ నుంచి వస్తే పిల్లకు రెండూ దొరకవచ్చు, కానీ ఆ క్రోమోజోమ్ జతలోని ఎదురెదురు పోగుల మీద. ఆ పిల్ల తన తర్వాతి తరానికి ఎక్కువగా ఏదో ఒకటే ఇస్తుంది. రెండూ ఒకే పోగు మీదికి రావాలంటే మధ్యలో తెగి అతుక్కున్న అరుదైన మొక్క కావాలి. అందుకోసం ఒక తరంలో గింజల సంఖ్య పెంచి, ఆ రెండు మార్కర్లు మాత్రమే నడిపి, అలాంటి మొక్కను పట్టుకోవాలి. ఒకసారి దొరికితే బంగారం. అక్కడి నుంచి రెండూ కలిసే ప్రయాణిస్తాయి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే ఆర్‌పీవీ10, ఆర్‌పీవీ12 వాడండి, అవి వేరే క్రోమోజోముల మీద ఉన్నాయి. మార్కర్ ఉంది కదా అని గింజలేని గుణం ఖాయమనుకోవద్దు. ఆ జన్యువు వచ్చినా చిన్న గింజ పంటికి తగిలే మొక్కలు ఉంటాయి.

ఒక్క జన్యువుతో ఎందుకు ఆగకూడదు

చెక్ రిపబ్లిక్‌లో బియాంకా మీద పెరిగిన ఒక బూజు తెగులు రకం ఆర్‌పీవీ3ని దాటేసిందని 2010లో ప్రచురించారు. రన్1ను దాటే బూడిద తెగులు రకాలు కూడా, రొటుండిఫోలియా సొంత ఊరైన అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో ఉన్నాయి. ఒకే తాళం వేసిన పందిరిని శిలీంధ్రం ఏదో ఒక రోజు తెరుస్తుంది. రెండు మూడు జన్యువులు ఒకే మొక్కలో పేర్చాలి. మార్కర్ లేకుండా ఇది అసాధ్యం. ఎందుకంటే ఒక జన్యువు ఉన్న మొక్క కూడా ఆకు మీద ఆరోగ్యంగానే కనిపిస్తుంది, రెండున్న మొక్కా అంతే. కంటికి తేడా తెలియదు. నన్నడిగితే ఈ ఖర్చంతా పెట్టాల్సిన అసలు చోటు ఇదే. ఒకే జన్యువు కోసమైతే మొలకల మీద శిలీంధ్రం చల్లి బతికినవాటిని ఉంచుకోవడం చౌక.

ఫ్రాన్సు జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ 2018లో నమోదు చేయించిన ఆర్టాబాన్, విడోక్, ఫ్లోరెయాల్, వోల్టిస్ రకాల్లో ఆర్‌పీవీ1, ఆర్‌పీవీ3 రెండూ ఉన్నాయి. అయినా వాటికి ఏటా ఒకటి రెండు పిచికారీలు చేయమంటారు. జన్యువుల మీద భారమంతా పడకుండా, మిగతా తెగుళ్లు పెరగకుండా. మన దగ్గర ఆ "మిగతా"లో ముఖ్యమైనది పక్షికన్ను తెగులు. వానాకాలంలో లేత కొమ్మలను కాల్చినట్టు చేసేది అదే. బూజును తట్టుకునే జన్యువు దాన్ని ఆపుతుందనుకోవద్దు.

ఆకు బిళ్లల పరీక్ష

మార్కర్ వడపోతలో మిగిలిన మొక్కల్లో కొన్నిటినైనా శిలీంధ్రం ముందు నిలబెట్టాలి. కొస నుంచి నాలుగో ఐదో ఆకు తీసి, గుండ్రటి బిళ్లలు కోసి, తడి కాగితం మీద అడుగు భాగం పైకి వచ్చేలా పెట్టండి. బూజు తెగులు ఆకు అడుగున ఉన్న రంధ్రాల గుండానే లోపలికి పోతుంది. తోటలో తెల్లనూగు ఉన్న ఆకు నుంచి బీజాలు చల్లటి నీళ్లలో కడిగి, మిల్లీలీటరుకు 50 వేలు ఉండేలా చేసి చల్లండి. రాత్రంతా 21 డిగ్రీల వద్ద చీకట్లో ఉంచి, ఉదయం పైనున్న తడి అద్దేయండి. ఐదారు రోజులకు తట్టుకోలేని తండ్రి బిళ్ల మీద దట్టమైన తెల్లనూగు లేస్తుంది. జన్యువున్న బిళ్ల మీద సూదిమొన అంత నల్లచుక్కలు కనిపిస్తాయి. శిలీంధ్రం దిగిన చోట మొక్క తన కణాలను తానే చంపుకున్న గుర్తులవి. మార్కులు వేసే అంతర్జాతీయ కొలమానంలో 1 అంటే పూర్తిగా లొంగింది, 9 అంటే బాగా తట్టుకుంది. కొత్తవాళ్లు తిరగేసి రాస్తుంటారు, నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాయించండి.

బీజాలు మీ ప్రాంతపు తోటలోవే కావాలి. యూరపు బూజును ఆపిన జన్యువు మెదక్ బూజును ఆపుతుందా లేదా అన్నది ఈ బిళ్లే చెప్పాలి.

తర్వాతి తరం, కాలెండరు

మిగిలిన మొక్కల్లో పండు బాగున్నదాన్ని మళ్లీ తినే రకంతో కలపాలి. అదే థాంప్సన్‌తో మళ్లీ మళ్లీ కలిపితే మొక్క బలహీనపడుతుంది. ప్రతి తరానికి వేరే మంచి రకాన్ని వాడండి. రెండు మూడు తరాలు పడుతుంది. చివర్లో నిలిచిన తీగను డాగ్‌రిడ్జ్ వేరు మొక్క మీద అంటుకట్టి, కనీసం రెండు చోట్ల పందిరి మీద చూడాలి. అమ్మే ఉద్దేశం ఉంటే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద నమోదు చేయించుకోండి.

ఈ అక్టోబరు కత్తిరింపుతో మొదలుపెడితే పని ఇలా సాగుతుంది. దాదాపు నలభై రోజులకు పూత, అప్పుడు సంకరం. మార్చి నాటికి పండు, గింజ. జూన్ దాకా చలిలో. తొలకరికి సంచుల్లో నాటితే ఆగస్టులో ఆకు కోయవచ్చు; సెప్టెంబరులోపు ఫలితం చేతికొస్తే పనికిరాని సంచులు తీసేసి, మిగిలినవి చలికాలంలో పందిరి కింద నాటుకోవచ్చు. రంగు కట్టిన ప్రైమర్లు ఆర్డరు పెట్టిన మర్నాడే రావు. ఆ పని గింజలు ఫ్రిజ్‌లో ఉండగానే, ఏప్రిల్‌లో ముగించండి. తల్లిదండ్రుల పరీక్షకు కావాల్సినవి మాత్రం అంతకన్నా ముందే, కత్తిరింపు కత్తెర పట్టకముందే చేతిలో ఉండాలి.